రూల్‌బుక్ అంతా చదివాకే రావాలా?
ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా కథ నడిపే డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆటని టెక్స్ట్‌లో, అంటే ఆన్‌లైన్‌లో వంతులవారీగా పోస్టులు రాస్తూ ఆడాలన్నా ముందు రూల్‌బుక్ మొత్తం చదవాలన్న మాట ఒప్పుకోలేను. 300 పేజీలు దాటిన పుస్తకం చూస్తేనే కొత్తవాళ్లు పారిపోతారు. ఎదురెదురుగా కూర్చుని ఆడితే అందరూ మనవంకే చూస్తుంటారు, టెన్షన్. టెక్స్ట్‌లో మన వంతు వచ్చాక రూల్ వెతుక్కుని తీరిగ్గా రాయొచ్చు. డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో అయితే పాచికలు కూడా బాట్ అనే ప్రోగ్రామే వేసి లెక్క చెబుతుంది. ఈ ఆట ఐదో ఎడిషన్ మూల నియమాలు 2023లో, ఎవరైనా వాడుకోగల క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కిందికి వచ్చాయి, ఉచితంగానే దొరుకుతాయి. నన్నడిగితే అసలు చిక్కు నిదానంతోనే. చిన్న కొట్లాట కూడా వారాలు సాగుతుంది, ఈలోగా ఇద్దరు మాయమైతే ఆట అక్కడితో సరి. అందుకే రోజుకో పోస్టు అని ముందే ఒప్పుకున్న గుంపు చూసుకుని, ఒకటో లెవెల్ ఫైటర్‌తో, అంటే యోధుడి పాత్రతో మొదలుపెట్టండి. మంత్రగాడి పాత్ర అప్పుడే వద్దు, ఆ మంత్రాల జాబితా చదవడానికే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.