మనోవర్తి బకాయి: విడాకులు తేలేదాకా ఆగితే ఏం పోతుంది?

పిల్లల మనోవర్తికి కోర్టు ఆర్డరు ఉంటుంది, డబ్బు మాత్రం చేతికి రాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇలాంటి తల్లికి పెద్దమనుషులు తరచూ చెప్పే మాట: "విడాకుల సెటిల్‌మెంట్లో అంతా కలిపి ఒకేసారి తీసుకుందువులేమ్మా." వినడానికి పెద్దరికంగానే ఉంటుంది గానీ, ఈ సలహాతో మునిగేది పిల్లలే. బకాయి వసూలుకూ విడాకుల తీర్పుకూ ముడిపెట్టాల్సిన పనే లేదు.

ముందు మీ ఆర్డరు ఏ సెక్షన్ కింద వచ్చిందో చూడండి. సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 125 కింద వచ్చిందా (2024 జులై 1 నుంచి వేసిన కేసైతే, దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ 144), లేక విడాకుల కేసులోనే హిందూ వివాహ చట్టం 24, 26 సెక్షన్ల కింద వచ్చిందా? రెంటికీ వసూలు దారులు వేరు. ఒకదానికి వేయాల్సిన పిటిషన్ మరోదానికి వేస్తే వాయిదాలు తిరిగి తిరిగి మళ్లీ మొదటికొస్తారు.

125 ఆర్డరుకు వారెంటు దారి ఉంది. జరిమానా వసూలు చేసే పద్ధతిలోనే కోర్టు బకాయి రాబడుతుంది. అయితే బాకీ పడిన తేదీ నుంచి ఏడాదిలోపు పిటిషన్ వేయాలి. ఇద్దరు పిల్లలకు కలిపి నెలకు 8,000 చొప్పున 15 నెలలు రాలేదనుకుందాం. మొత్తం 1,20,000. ఇవాళ పిటిషన్ వేస్తే వారెంటు కిందికి వచ్చేది సుమారు 12 నెలలదే, అంటే 96,000. మిగిలిన 24,000 మీద హక్కు పోదు గానీ, దానికి మామూలు సివిల్ దారి పట్టాలి. పూంగోడి కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. గడువులో ఒక పిటిషన్ పడి పెండింగులో ఉంటే, తర్వాతి నెలల బకాయిలూ దానికి కొనసాగింపుగా అడగొచ్చు. కాబట్టి డబ్బు మూడు నెలలు రాకపోయినా పిటిషన్ వెయ్యండి, పన్నెండు మాత్రం దాటనివ్వకండి.

24, 26 సెక్షన్ల ఆర్డరైతే సివిల్ డిక్రీకి (సివిల్ కోర్టు తుది ఉత్తర్వుకు) లాగే ఈపీ, అంటే ఉత్తర్వు అమలు కోరే ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేయాలి. అక్కడ గడువు విశాలం, 12 ఏళ్లు.

ఫ్యామిలీ కోర్టుల చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఆ కోర్టులో లాయరు ఉండటం హక్కు కాదు, కోర్టు అనుమతిస్తేనే. సొంతంగా నిలబడి వాదించుకోవడం అక్కడ వింతేమీ కాదు. పిటిషన్ కంటే దానికి జతచేసే లెక్కల కాగితమే కేసును నిలబెడుతుంది. నెల, రావాల్సింది, వచ్చింది, వచ్చిన తేదీ, మిగిలింది: ఐదు గళ్లు చాలు. ఫోన్‌పేలో పడిన వెయ్యీ రెండువేలూ తప్పకుండా చూపించాలి. దాచిన రెండువేలు అవతలి పక్షం స్క్రీన్‌షాట్‌తో బయటపెడితే, మిగతా లెక్కంతా అనుమానంలో పడుతుంది. దీనికి ఆర్డరు సర్టిఫైడ్ కాపీ, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేయాలి.

పిటిషన్లో కోర్టును అడిగే కోరికల వరుసలోనూ పొరపాటు జరుగుతుంది. కోపంతో మొదటి పేరాలోనే "జైలుకు పంపండి" అంటారు. చట్టంలో ముందు వసూలు వారెంటు, అప్పటికీ కట్టకపోతేనే జైలు, అదీ ఒక్కో నెల బాకీకి గరిష్ఠంగా నెల. జైలుకెళ్లినంత మాత్రాన బాకీ తీరదని కుల్‌దీప్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు 1989లోనే తేల్చింది. అందుకే ఆస్తి, జీతం వివరాలు ముందు పెట్టండి. మనోవర్తి డిక్రీకి జీతంలో మూడో వంతు వదిలి మిగతాది జప్తు చేయొచ్చు, సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 60 ప్రకారం. ఇతర అప్పుల డిక్రీలకు ఇంత వెసులుబాటు లేదు. జీతం ఇచ్చే ఆఫీసు పూర్తి చిరునామా లేకపోతే మాత్రం ఆ ఉత్తర్వు కాగితంగానే మిగులుతుంది. చెన్నైకో హైదరాబాదుకో వలసపోయిన భర్తల కేసుల్లో నోటీసు తిరిగొచ్చేదీ చిరునామా దగ్గరే.

ఈ జిల్లాల నుంచి సైన్యంలో చేరేవాళ్లు ఎక్కువ గనుక ఇంకో మాట. 1950 ఆర్మీ చట్టం 28వ సెక్షన్ ప్రకారం సైనికుడి జీతాన్ని సివిల్ కోర్టు జప్తు చేయలేదు. ఈపీ అక్కడే ఆగిపోతుంది. అదే చట్టం 91వ సెక్షన్ కింద (ఆఫీసర్లకైతే 90) భార్యాపిల్లల పోషణకు జీతంలో కోత పెట్టే అధికారం సైన్యానికే ఉంది. ఆర్డరు కాపీ జతచేసి యూనిట్ కమాండింగ్ ఆఫీసరుకు రిజిస్టర్డ్ పోస్టులో దరఖాస్తు పంపాలి.

"నాకు ఆదాయం లేదు" అనే వాదనకు జవాబు ఆస్తులు, అప్పుల అఫిడవిట్. రజనేష్ వర్సెస్ నేహా తీర్పు (2020) తర్వాత మనోవర్తి కేసుల్లో ఇద్దరూ అది దాఖలు చేయాల్సిందే. మీదీ నిజాయితీగా నింపండి, టైలరింగ్ లాంటి వాటి మీద వచ్చే ఆదాయంతో సహా.

శాశ్వత భరణం, ఆస్తి పంపకం దాకా వచ్చాక మాత్రం ఒంటరిగా వెళ్లొద్దు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ మహిళలకు ఆదాయ పరిమితి లేకుండా ఉచితంగా లాయరును ఇస్తుంది, ఫోన్ 15100. పరస్పర అంగీకార పత్రం మీద సంతకం పెట్టేముందు "పాత బకాయిలన్నీ ముట్టాయి" అనే వాక్యం ఉందేమో వెతకండి. డబ్బు ఖాతాలో పడకుండా ఆ వాక్యం ఉంటే కొట్టించండి. పిల్లల మొత్తాన్ని మీ భరణంతో కలపకుండా వేరే పేరాలో, నెలవారీ అంకెతో, తేదీతో రాయించండి.