ఆదివారం పనికి ‘రాము’ అన్నవాళ్ళ మనవలం

ఉత్తర చెన్నైలో మేం వెళ్ళే తెలుగు ఆరాధన తొమ్మిదిన్నరకు మొదలవుతుంది. రెండు పాటలయ్యి, పాస్టరుగారు ప్రార్థనలో ఉండగా వెనక గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తున్న చప్పుడు వినిపిస్తుంది. తెల్లారకముందే వీధులూడ్చే పనికి వెళ్ళినవాళ్ళు అప్పటికి వస్తారు. మొహం కడుక్కుని, చీర మార్చుకుని, చివరి వరసలో కూర్చుంటారు. కొందరికి వాక్యం, అంటే పాస్టరుగారి ప్రసంగం, అందదు, చివరి ఆశీర్వాదం అందుతుంది. ఇంకొందరు సంస్కారం, అంటే ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షారసం, ఇచ్చే నెల మొదటి ఆదివారానికి మాత్రం సూపర్‌వైజరును బతిమాలుకుని వస్తారు. ఆలస్యంగా రావడం దేవుణ్ణి అగౌరవపరచడమేనని ప్రకటనల వేళ ఎవరైనా అన్నప్పుడల్లా నాకు వెనక్కి తిరిగి వాళ్ళ మొహాలు చూసే ధైర్యం ఉండదు.

విశ్రాంతిదినం అనగానే మన తెలుగు క్రైస్తవుల్లో లేచే వాదన ఒకటే. శనివారమా, ఆదివారమా? అడ్వెంటిస్టు సోదరులు శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం పొద్దుగూకేదాకా దాన్ని పాటిస్తారు. పది ఆజ్ఞల్లో ఉన్నది ఏడో దినమేనన్న వాళ్ళ మాట అక్షరాలా నిజం. మిగిలినవాళ్ళం ప్రభువు లేచిన దినమని ఆదివారం కూడుకుంటాం. వారం మొదటి రోజున రొట్టె విరవడానికి కూడుకోవడం అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలోనే కనిపిస్తుంది. రెండో శతాబ్దం నడుమ క్రైస్తవ రచయిత జస్టిన్ మార్టర్ ఆ కూడికను వివరంగా రాసిపెట్టాడు. ఈ వాదన చిన్నదని నేననను. కానీ రెండు పక్షాలవాళ్ళమూ ఒకే ఆజ్ఞను చదువుతూ అందులో సగం దాటేస్తున్నాం. ఆ విశ్రాంతి ఎవరెవరికో నిర్గమకాండం వరసపెట్టి చెప్పింది: నీకు, నీ కొడుక్కి, కూతురికి, దాసుడికి, దాసికి, పశువుకు, నీ ఇంటనున్న పరదేశికి. అక్కడ చెప్పిన కారణం సృష్టి. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయానికి వచ్చేసరికి కారణం మారింది. నువ్వు ఐగుప్తులో దాసుడివిగా ఉన్నావు, అది జ్ఞాపకం ఉంచుకో, నీలాగే నీ దాసుడూ దాసీ విశ్రమించాలి అంటుందది. సెలవన్నది ఎరగకుండా ఇటుకలు చేసిన జనానికి ఇచ్చిన ఆజ్ఞ ఇది. నా మొర దాసుడూ దాసీ అన్న ఆ రెండు మాటల గురించే.

ఆదివారం సెలవును చట్టంలో పెట్టిన మొదటి పాలకుడు రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్. 321 మార్చి 7న ఆయన ఇచ్చిన ఆజ్ఞ ప్రకారం న్యాయాధిపతులు, పట్టణ ప్రజలు, చేతిపనులవాళ్ళు సూర్యుని దినాన పని మానాలి. పొలం పనికి మాత్రం మినహాయింపు. విత్తే అదను, ద్రాక్ష నాటే అదను తప్పిపోతే దేవుడిచ్చిన వరం చేజారుతుందని దానికి కారణం చెప్పారు. అంటే పొలంలో చెమటోడ్చేవాడికి ఆ మొదటి చట్టంలోనే ఆదివారం లేదు.

ఆ పొలాల దగ్గరే, పదిహేను వందల ఏళ్ళ తర్వాత, మనవాళ్ళు ఆదివారాన్ని పట్టుకుని నిలబడ్డారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. యెర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్ళ ద్వారా సువార్త మాదిగపల్లెలకు పాకింది. చేరినవాళ్ళకు పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఇప్పుడు చదివితే ఇవి ఆచారాల పట్టికలా కనిపిస్తాయి. ఆనాటి ఊరిలో పెట్టి చూడండి. మాదిగ ఇంటివాడు ఊరికి చెప్పులు కుట్టాలి, మోటకు కావలసిన తోలు సామాను ఇవ్వాలి, జాతరలో డప్పు కొట్టాలి, కబురు రాగానే చేలో ఉండాలి. అతని రోజుల్లో అతనిదంటూ ఒక్క రోజు లేదు. అలాంటివాడు, ఆదివారం రామండీ, మిగతా ఆరు రోజులూ వస్తాం అన్నాడు. అదనులో ఆ మాట అన్నందుకు ఊరిపెద్దలు పనులు ఆపేశారు, బాధలు పెట్టారు. అయినా వాళ్ళు ఆ రోజును వదులుకోలేదు. తెలుగునేల మీద వెట్టికి ఎదురుచెప్పిన తొలి గొంతుల్లో ఇదొకటని నేను నమ్ముతాను. మన సండేస్కూలు పిల్లలకు దావీదు గొల్యాతుల కథ చెబుతాం, మంచిదే. ఈ కథ కూడా చెప్పాలి, ఇది వాళ్ళ తాత ముత్తాతల కథ కాబట్టి.

ఆ చరిత్రలో ఒక పాయ చెన్నైలోనే ఉంది. 1876-78 కరువులో మద్రాసు ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ పనులు పెట్టినప్పుడు, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి దొరకాలని క్లౌ మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని కంట్రాక్టుకు తీసుకున్నాడు. కూలి కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ కాలువే ఈ నగరం నడుమ, ఎత్తయిన రైలు స్తంభాల కింద, నల్లటి నీళ్ళతో ఇవాళ్టికీ ఉంది. చెన్నై వీధులూడ్చేవాళ్ళలో తెలుగు మాట్లాడే దళితులు తరతరాలుగా ఎక్కువ. మా చివరి వరసలో కూర్చునేవాళ్ళు ఆ కాలువ తవ్వినవాళ్ళ వారసులేనని రుజువు చూపలేను. కానీ నా మనసు ఆ రెండింటినీ విడదీయలేదు.

ఆదివారం సెలవు తెల్లదొరలు మనకిచ్చిన బహుమానమని చాలామంది అనుకుంటారు, క్రైస్తవులు కూడా. బొంబాయి మిల్లుల్లో దానికోసం కొట్లాడింది ఫూలే అనుచరుడు నారాయణ మేఘాజీ లోఖండే. 1884లో అర్జీతో మొదలుపెడితే 1890 జూన్‌లో మిల్లు యజమానులు ఒప్పుకున్నారు. ఆదివారం ఖండోబా దేవుడి రోజని కూడా ఆయన వాదించాడు. ఒంగోలులో క్రీస్తు పేరున, బొంబాయిలో ఖండోబా పేరున, పనిచేసేవాళ్ళే ఆ రోజును సంపాదించుకున్నారు. ఎవరి దేవుడి పేరు చెప్పినా అడిగింది మాత్రం ఒక్కటే.

ఇక ఇవాళ్టి సంగతి. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికో సెలవు ఇచ్చింది, అది మామూలుగా ఆదివారమే అంది, అవసరమైతే మూడు రోజులు అటూ ఇటూ జరుపుకోవచ్చంది. తమిళనాడులో పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే దుకాణాలు ఏడాది పొడుగునా, ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉంచుకోవచ్చని ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. వాటిలో ప్రతి కార్మికుడికీ వంతులవారీగా వారపు సెలవు ఇవ్వాలన్న షరతు ఉంది. షరతు మంచిదే. కాగితం మీద ఎవరి సెలవూ పోలేదు. కానీ టి. నగర్ బట్టల కొట్లో పనిచేసే పిల్ల వీక్ ఆఫ్ మంగళవారం, వాళ్ళమ్మది గురువారం, తమ్ముడికి స్కూలు సెలవు ఆదివారం అయితే ఆ ఇంటికి సెలవు ఎప్పుడు వచ్చినట్టు? ఒంటరిగా పడుకుని తీర్చుకునే అలసట ఒకటి. అందరూ ఒకచోట చేరి, పాడుకుని, కలిసి తిని, పెద్దవాళ్ళ మంచం దగ్గర కాసేపు కూర్చునే రోజు వేరు. చట్టం మొదటిదాన్ని కాపాడుతోంది. బైబిలు చెప్పిన విశ్రాంతి రెండోది. ఇంటికి మొత్తంగా, ఊరికి మొత్తంగా వచ్చే విశ్రాంతి.

ఆసుపత్రీ, కరెంటూ, మంచినీళ్ళూ ఆదివారమూ నడవాలి. ఎద్దు గుంటలో పడితే విశ్రాంతిదినమైనా పైకి లాగరా అని ప్రభువే అడిగాడు. మా సంఘంలో నర్సులున్నారు, వాళ్ళ ఆదివారం డ్యూటీని నేను ఆరాధనగానే చూస్తాను. కానీ ఆరాధన ముగిశాక మెట్లు దిగుతూనే ఫోన్లో బిర్యానీ ఆర్డరు పెట్టడం గుంటలో పడ్డ ఎద్దు లెక్కలోకి రాదు. ఆదివారం మధ్యాహ్నం డెలివరీ పిల్లలకు ఆర్డర్లు ఎక్కువ, ఆ పూట లాగిన్ కాకపోతే ప్రోత్సాహకం పోవచ్చు. ఆ పిల్లల్లో తెలుగు క్రైస్తవ కుటుంబాలవాళ్ళు తక్కువేం కాదు. మన ఆదివారాన్ని మనమే వాళ్ళ చేతుల్లోంచి కొనుక్కుంటున్నాం.

ఇంటిపని చేసే ఆడవాళ్ళ సంగతి ఇంకా కష్టం. ఇంటిపనివాళ్ళకు వారానికి ఏకబిగిన ఇరవైనాలుగు గంటల విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒప్పందంలో చెప్పింది. భారతదేశం దాన్ని ఇప్పటికీ ధ్రువీకరించలేదు. ఫ్యాక్టరీ కార్మికుడికి 1948లో వచ్చిన రోజు, మన వంటింట్లో అంట్లు తోమే ఆమెకు ఇంకా యజమానురాలి దయే. ఇక్కడ సంఘాలు చట్టం కోసం కాచుక్కూర్చోనక్కర్లేదు. సభ్యత్వం ఇచ్చేటప్పుడు తాగుడు గురించి అడుగుతాం, దశమభాగం గురించి చెబుతాం. మీ ఇంట్లో పనిచేసే మనిషికి జీతం కోయకుండా వారానికో రోజు సెలవిస్తున్నారా అని ఎందుకు అడగం? అడిగితే కొందరు నొచ్చుకుంటారు. కానుకల పెట్టె బరువు తగ్గుతుందేమోనన్న భయమూ ఉంటుంది. అయినా ఒంగోలు సంఘం పెట్టిన మూడు నియమాల్లో మొదటిది ఆదివారం గురించే. మన నియమావళిలో అది ఏ వరసలో ఉందో కమిటీ పెద్దలు చూడాలి.

చేయగలిగినవి ఇంకా ఉన్నాయి. ఊడ్చే పనివాళ్ళు ఎక్కువున్న సంఘాల్లో సాయంత్రం ఐదింటికి పూర్తి ఆరాధన పెట్టొచ్చు, సంస్కారంతో సహా. మా దగ్గర కొన్ని నెలలుగా పెడుతున్నాం. మొదటి వారం పాస్టరుగారూ, మరో పన్నెండు మందీ. ఇప్పుడు చాపలు చాలడం లేదు. ఆ పూట చివరి వరస అంటూ లేదు, అందరూ ముందుకొచ్చి కూర్చుంటున్నారు.

మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమె కూడా క్రైస్తవురాలే, తమిళ సంఘం. చాలాఏళ్ళు మేం ఆదివారాలు, కోయిల్‌కు వెళ్ళేముందు ఓసారి వచ్చిపో అమ్మా అనేవాళ్ళం. ఆరింటికే వచ్చేది. మాకు ఆరాధనకు ఆలస్యం కాకూడదు కదా. అది తప్పని నాకు తెలియడానికి ద్వితీయోపదేశకాండం ఎన్నిసార్లు చదవాల్సి వచ్చిందో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆర్నెల్లుగా ఆదివారం అంట్లు నేనూ మా అబ్బాయీ తోముతున్నాం. ఆమె తన కోయిల్లో మొదటి పాటకే ఉంటోందని మొన్న సోమవారం వచ్చి చెప్పింది.