నడకకు ముహూర్తాలు

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దాయన ఉన్నారు. రిటైరైన మర్నాటి నుంచి మా అందరి ఆరోగ్యం ఆయన నెత్తిన పడింది. పొద్దున్నే గులాబీ పువ్వు బొమ్మ కింద ఏ రుతువులో, ఏ వేళకి నడవాలో పంపిస్తుంటారు. సూర్యోదయానికి గంటా ముప్పై ఆరు నిమిషాల ముందు బ్రాహ్మీ ముహూర్తం మొదలవుతుంది కదా, అదే సుముహూర్తమట. అందులోనూ ధనుర్మాసమైతే మరీ శ్రేష్ఠమట. వర్జ్యం, రాహుకాలం ఇంకా చేర్చలేదు, తొందరేం లేదు.

పాపం, హైదరాబాద్ గాలి పంచాంగం చూడదు. చలికాలం తెల్లవారుజామున నేల దగ్గర చల్లగాలి, దాని మీద వెచ్చటి గాలి మూతేసినట్టు కూర్చుంటాయి. రాత్రంతా లారీలు వదిలిన పొగ, దుమ్ము పైకి పోయే దారి లేక మన ముక్కు ఎత్తులోనే తిరుగుతుంటాయి. సరిగ్గా అప్పుడే మనవాళ్లు ప్రాణాయామం అంటూ గుండెల నిండా పీల్చుకుంటారు. కాస్త ఎండెక్కాక బయల్దేరితే కొంత నయం, కానీ ఆ మాట గ్రూపులో అంటే మనం నాస్తికులం.

కేబీఆర్ పార్కు దగ్గరికి ఒకసారి వెళ్లి చూడండి. నడవడానికి కార్లో వస్తారు. గేటుకి దగ్గర్లో పార్కింగ్ దొరకాలి, లేకపోతే అంత దూరం ఎవరు నడుస్తారు? పైన మంకీ క్యాప్, కింద నిక్కరు. చలి ఎక్కడిదాకా వచ్చి ఆగిందో వాళ్లకే తెలియాలి. లోపల నెమలి అరుస్తుంటే చెవిలో ఫోను, కోకాపేటలో గజం ఎంత పలుకుతోందన్న చర్చ. మధ్యలో నిలబడిపోయి, చేతి గడియారంలో అడుగులు పెరగడానికి చెయ్యి మాత్రం ఊపుతూ మాట్లాడతారు. బయటికొచ్చి ఒక గ్లాసు రాగి జావ, ఆరోగ్యానికి. తర్వాత నాలుగు నెయ్యి ఇడ్లీలు, జావకి తోడు.

వీళ్లు రాకముందే ఆ రోడ్డు ఊడ్చి వెళ్లినావిడ కూడా బ్రాహ్మీ ముహూర్తంలోనే నడిచింది. ఆ దుమ్మంతా ముందుగా పీల్చింది ఆవిడే. ముక్కుకి చీర కొంగు. ఆవిడకి అడుగులు లెక్కపెట్టే గడియారం ఎవరూ కొనివ్వలేదు.

ఇక వేసవి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని తెలిసిన ఊళ్లే ఇవి. రెంటచింతల పేరు వింటేనే చెమట పడుతుంది. 2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకి వెయ్యి మందికి పైగా పోయారు. వాళ్లలో వాకింగ్‌కి వెళ్లినవాళ్లు ఎందరు చెప్పండి? ఎక్కువమంది కూలీలు, ముసలివాళ్లు. అయినా ఏటా అదే ప్రకటన: మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బయటికి రాకండి, తప్పనిసరైతే నీడలో నడవండి.

ఎవరికయ్యా చెప్తున్నారు? నాలుగిళ్లలో అంట్లు తోమి రెండింటికి బస్టాపుకి నడిచే మనిషికా? ఏ నీడలో నడవాలి? రోడ్డు వెడల్పు చేస్తామని చెట్లు కొట్టేశారు. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు, మిగిలిన జానెడు జాగాలో బైకులు పెట్టనిచ్చారు. ఆ మనిషి తారు రోడ్డు అంచున, వెనక హారన్లు వింటూ నడుస్తుంది. బస్ షెల్టర్‌కి చేరితే అక్కడ నీడంతా నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీకే సరిపోతుంది. మిగిలేది స్టీలు బెంచీ. ఆ ప్రకటన రాసే అధికారిని మే నెల మధ్యాహ్నం రెండింటికి ఆ బెంచీ మీద బస్సు వచ్చేదాకా కూర్చోమనండి, లేచాక రాసుకోమనండి సలహాలు.