వేసవి ఇంటర్న్‌షిప్: మామ మాట, కోడలి మాట

అనంతపురంలో ఇంజనీరింగ్ పిల్లలకు కంప్యూటర్ సైన్స్ చెప్పే మేనమామ ఒకవైపు. మూడో ఏడు పరీక్షలు కాగానే బెంగళూరు పోయి, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేసి వచ్చిన మేనకోడలు ఇంకోవైపు. "మూడేండ్లలో కాలేజీ నేర్పనిది ఈ ఎండాకాలంలో నేర్చుకున్నా" అని కోడలు అన్న మాటతో వాదన లేచింది.

మామ: ఆ మాట నాకు రుచించలేదు పాపా. డేటా స్ట్రక్చర్స్ చెప్పింది ఎవరు? డేటాబేస్ చెప్పింది ఎవరు? అవి రాకపోతే ఆ కంపెనీవాళ్లు నిన్ను గడప తొక్కనిచ్చేవాళ్లా?

కోడలు: అవి పనికిరాలేదని నేనన్లేదు మామా. వాటితో ఏం చేయాలో మీరు చూపించలేదంటాండా.

మామ: అక్కడ ఏం చూపించినారో ఒక్కటి చెప్పు. ఊరికే అనుభవం, ఎక్స్‌పోజర్ అంటే ఒప్పుకోను.

కోడలు: విను. రోజువారీ అమ్మకాల రిపోర్టుకూ అకౌంట్స్ వాళ్ల లెక్కకూ పొంతన కుదరడం లేదని ఫిర్యాదు వచ్చింది. కొత్తగా కోడ్ రాయొద్దు, తేడా ఎందుకొస్తాందో మాత్రం కనుక్కో అని ఆ పని నాకిచ్చినారు. తవ్వి చూస్తే సర్వర్ టైమును యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే లెక్కగా పెట్టుకున్న టైములో, దాచుకుంటాంది. మన టైము దానికంటే ఐదున్నర గంటలు ముందు. అంటే రాత్రి పన్నెండు దాటినాక తెల్లారి ఐదున్నర లోపల వచ్చిన ఆర్డర్లన్నీ రిపోర్టులో ముందురోజు కింద పడతాండాయి. ఎర్రర్ అని యాడా చూపించదు. ప్రోగ్రామ్ చక్కగా నడుస్తాంది, జవాబే తప్పు. ఇట్లాంటిది మన ల్యాబ్‌లో ఒక్కరోజైనా వచ్చిందా?

మామ: భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతాది. మన టైము లెక్కగట్టేది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. భాగిస్తే ఐదున్నర గంటలు. హైస్కూల్ సోషల్ పుస్తకంలో ఉండే పాఠమే ఇది. నువ్వు కంపెనీలో కనిపెట్టినాననుకుంటాండేది బళ్లో చదివిందే.

కోడలు: ఆ పాఠం నాకు నోటికి వచ్చు. డేటాబేస్ ముందర కూర్చున్నప్పుడు అది గుర్తుకు రావాలని మాత్రం ఎవరూ అలవాటు చేయలేదు. ల్యాబ్‌లో ఏ ప్రోగ్రామ్ రాయాలో ముందే తెలుసు, అవుట్‌పుట్ ఏం రావాలో సీనియర్ రికార్డులో ముందే ఉంటాది. చూసి దించుతాం, సంతకం పెట్టించుకుంటాం. అక్కడ నేను రాసింది తక్కువ, చదివింది ఎక్కువ. ఆ రిపోర్టు రాసినాయన ఎప్పుడో ఉద్యోగం మారినాడు, అడుగుదామంటే మనిషి లేడు. కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చినారో దాచిపెట్టే గిట్‌లో చరిత్ర తీసి ఏ లైను ఎప్పుడు మారింది, మార్చినప్పుడు పక్కన ఏం రాసిపెట్టినారు అని ఒక్కొక్కటే చూసుకుంటా పోయినా. "చిన్న మార్పు" అని రాసిన చోట ఏమీ తెలియలేదు. ఎందుకు మార్చినారో రెండు ముక్కలు రాసిన చోట దారి దొరికింది.

మామ: గిట్ మేమూ చెప్పినాం. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ పని కోసం లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేసినాడని, వేలమంది ఒకే కోడ్ మీద పనిచేయడానికి పుట్టిందని క్లాసులో చెప్పినా, నువ్వూ ఉన్నావు.

కోడలు: ఉన్నా. వేలమంది కోసం పుట్టినదాన్ని మాతో ఒంటరిగా వాడించినారు. ఒకరి కోడ్ ఇంకొకరితో ఒక్కసారైనా మార్పించలేదు. ఒక్కరే వాడితే అది బట్టలు దాచుకునే బీరువా మాదిరి ఉంటాది, అంతే.

(ఇంతవరకూ నా ఓటు కోడలికే. రికార్డు దించే అలవాటు పిల్లల ఆలోచనను ఎంత చెడగొట్టిందో చదువుకున్న వాళ్లందరికీ తెలుసు. ఇక్కడినుంచి మామ ఎత్తిన మాట మాత్రం తేలిగ్గా తీసేసేది కాదు.)

మామ: సరే, నీకు మంచి చోటు దొరికింది. నీ క్లాసులో ఎంతమందికి దొరికింది? రెండో ఏడు అయినాక ఒక వేసవి, మూడో ఏడు అయినాక ఇంకొక వేసవి ఇంటర్న్‌షిప్ చేయాల్సిందే అని సిలబస్‌లో పెట్టినారు, క్రెడిట్లు కూడా ఇచ్చినారు. మడకశిర నుంచో, రాయదుర్గం నుంచో వచ్చే పిల్లోడికి బెంగళూరులో పీజీ హాస్టల్ అద్దె ఎవరు కడతారు, తిండికి ఎవరిస్తారు? వాడేం చేస్తాడు, డబ్బు కట్టి ఆన్‌లైన్‌లో సర్టిఫికెట్ తెచ్చుకుంటాడు. నాలుగు వీడియోలు, ఒక క్విజ్, పీడీఎఫ్ మీద సంతకం. వైవాలో ఏం చేసినావురా అంటే ప్రాజెక్టు పేరు కూడా చెప్పలేడు. తిట్టబుద్ధి కూడా కాదు నాకు. ఆ డబ్బు వాళ్ల నాయన వేరుశనగ బుడ్డలు అమ్మి పంపించిందని తెలుసు.

కోడలు: అది నిజమే మామా. నా పక్కన కూర్చునే అమ్మాయి కూడా అట్లనే కట్టింది. దానికి మందు స్టైపెండ్, అంటే నేర్చుకునేటప్పుడు నెలనెలా ఇచ్చే డబ్బు. పనిచేయించుకునేవాళ్లు ఇవ్వాల.

మామ: ఇవ్వాలని యాడుంది? 1961 అప్రెంటిస్ చట్టం కింద నమోదైన వాళ్లకైతే స్టైపెండ్ ఇచ్చి తీరాల. మీ వేసవి ఇంటర్న్‌షిప్ దాని కిందికి రాదు. 2024 బడ్జెట్‌లో చెప్పిన పీఎం ఇంటర్న్‌షిప్ పథకంలో నెలకు 5,000 రూపాయలు అన్నారు, కానీ రెగ్యులర్‌గా కాలేజీలో చదివేవాళ్లకు అది వర్తించదని అప్పుడే చెప్పినారు. నీలాంటి వాళ్లకు ఇవ్వడం, ఇవ్వకపోవడం ఆ కంపెనీ ఇష్టం. అందుకే అంటాండా, నీకు అక్కడ దొరికింది ఇక్కడే దొరకాల. 1948లో ఈ ఊరికి ఇంజనీరింగ్ కాలేజీ వచ్చినప్పటినుంచీ వర్క్‌షాప్‌లో ఇనుము పట్టించి, ఆకురాయితో రుద్దించి నేర్పిన చదువు ఇది. కోడ్‌కు మాత్రం అట్లాంటి వర్క్‌షాప్ ఎందుకు పెట్టలేం?

కోడలు: పెట్టొచ్చు. కానీ అక్కడ దొరికిన అసలుది నువ్వు ఇవ్వలేవు.

మామ: అదేందో చెప్పు.

కోడలు: రివ్యూ. ఆ రిపోర్టు సరిచేసి పంపితే వేరేవాళ్లు లైను లైను చదివి ప్రశ్నలు రాసినారు. ఒకామె అడిగింది, "దుబాయ్‌లో ఉండే కస్టమర్ ఇదే రిపోర్టు తెరిస్తే ఆ ఆర్డర్ ఏ రోజు కింద కనపడాల?" అని. దాని గురించి రెండు రోజులు మాట్లాడుకున్నాం. ఇదంతా ఒక ఎత్తు. తర్వాత టీమ్ లీడ్ తన కోడ్ నాకు పంపించి రివ్యూ చేయమన్నాడు. పెద్దాయన, నేను పుట్టకముందునుంచీ ఇదే పనిలో ఉన్నాడు. నేను "బాగుంది సార్" అని రాసి పంపినా. ఆయన తిప్పి పంపినాడు. "సార్ వద్దు, బాగుంది వద్దు. నీకు యాడ అర్థం కాలేదో అది రాయి" అన్నాడు. అప్పుడు కూర్చుని నిజంగా చదివినా. ఒక ఫంక్షన్ పేరు ఒకటి, అది చేసే పని ఇంకొకటి. అదే రాసినా. ఆయన పేరు మార్చి, థ్యాంక్స్ అని పెట్టి తన పనిలో పడిపోయినాడు.

మామ: అరవైమంది ఉండే క్లాసులో అట్ల కుదరదు పాపా. అడగండి, అడగండి అని నేనూ మొత్తుకుంటా. ముగ్గురు అడుగుతారు, మిగతావాళ్లు తల దించుకుంటారు.

కోడలు: ఎందుకు దించుకుంటారో నాకు తెలుసు. రెండో ఏడులో ఒకసారి అడిగితే "అది సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నారు. అన్నది నువ్వు కాదులే. ఆ తర్వాత నేను ఎవరినీ అడగలేదు. కంపెనీలో అడగడానికే ఒక పద్ధతి ఉంది. అరగంట నువ్వే తంటాలు పడు. అప్పటికీ తెగకపోతే ఏం చేయాలనుకున్నావు, ఏమేం చేసి చూసినావు, ఏం మెసేజ్ వచ్చింది, ఈ మూడూ రాసి అందరికీ కనపడేచోట పెట్టు. రాస్తాండగానే సగంసార్లు జవాబు నాకే తట్టేది.

మామ: ఆ పద్ధతి నేను పెట్టగలను. వచ్చే సెమిస్టర్ ల్యాబ్‌లో కొత్త ప్రోగ్రామ్‌లు తగ్గించి పాత బ్యాచ్ ప్రాజెక్టుల కోడ్ ఇస్తా. ఒకరిది ఇంకొకరు సరిచేయాల. రివ్యూ రాసినవాళ్లకూ మార్కులుంటాయి.

కోడలు: పాత బ్యాచ్‌ది తర్వాత. ముందు నీది పెట్టు.

మామ: నాదా?

కోడలు: డిపార్ట్‌మెంట్‌లో అటెండెన్స్ శాతం లెక్కేసే ప్రోగ్రామ్ నువ్వు రాసిందే కదా. అది పెట్టు.

మామ: అది రాసి ఎన్నేండ్లయిందో! దాంట్లో తప్పు కనపడినా పిల్లోళ్లు నా ఎదురుగా నోరు తెరుస్తారా?

కోడలు: మొదట తెరిచినోన్ని నువ్వేమంటావో చూసి మిగతావాళ్లు తెరుస్తారు.

మామ: పెడతా. దాంతోపాటు ఇంకోటి కూడా చేస్తా. డబ్బు కట్టి తెచ్చిన సర్టిఫికెట్‌కు క్రెడిట్ ఇవ్వొద్దని, ల్యాబ్‌లో చేసిన రివ్యూ పనినే ఇంటర్న్‌షిప్‌గా లెక్కబెట్టమని డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో రాసిస్తా. ఇప్పటికే కట్టేసినవాళ్లు నా మీదికి గొడవకు వస్తారు. నీ పక్కన కూర్చునే అమ్మాయికి ఏం చెప్తావు?

కోడలు: దానికైతే ఇంకా ఏం చెప్పాలో తెలీదు మామా. ఈ ఏడు కట్టినవాళ్లను వదిలిపెట్టి, వచ్చే ఏడునుంచి పెట్టమని అడుగుతా. నువ్వు ఒప్పుకోకపోతే మళ్లీ వాదిస్తా.