పట్టుబడి లేని చెరువు గారికి

మహారాజశ్రీ ఉప్పునీటి గాజుతొట్టి గారికి,
హాల్లో దక్షిణపు గోడ, ఫ్రిస్కో, టెక్సస్.

భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసి, మోకాళ్లు అరిగాక గట్టు దిగి, కొడుకు దగ్గర ఆరు నెలలు ఉండిపోదామని వచ్చిన ఒక మాజీ రైతు రాయునది. ఉభయకుశలోపరి. ఉభయుల్లో తమరి కుశలం గురించి ఈ ఇంట్లో పూటపూటా విచారణ జరుగుతోంది గనుక నా కుశలం నేనే చెప్పుకుంటున్నాను. బాగానే ఉన్నాను. షుగర్ కాస్త పెరిగినట్టుంది, ఎవరూ టెస్ట్ చెయ్యలేదు. తమరికి మాత్రం ఆల్కలినిటీ 8.4, క్యాల్షియం 420, మెగ్నీషియం 1,300 అని నిన్న సాయంత్రమే తేలింది. సంతోషం.

ఇక ఫిర్యాదు. మా ఊళ్లో ఎకరం చెరువులో నాలుగడుగుల నీళ్లు నిలబెడితే సుమారు 49 లక్షల లీటర్లు. తమరి కడుపులో పట్టేది 20 గ్యాలన్లు, అంటే 75 లీటర్లు. మా చెరువు కాపలా కుర్రాడు ఒక పూట స్నానానికి అంతకంటే ఎక్కువే పోసుకుంటాడు. ఇంత చిన్నది కదా, చూసుకోవడం తేలికని మావాడు తమర్ని కొన్నాడు. షాపువాడు అడ్డు చెప్పలేదట. ఎందుకు చెబుతాడు? నీళ్లు తగ్గేకొద్దీ కష్టాలు పెరుగుతాయని నీళ్ల మీద బతికినవాణ్ణి ఎవర్నడిగినా చెప్పేవాడు. పెద్ద చెరువులో మేత గుప్పెడు ఎక్కువ పడితే రొయ్యకీ తెలియదు, నీటికీ తెలియదు. తమరిలో చిటికెడు ఎక్కువైతే తెల్లారేసరికి అమ్మోనియా. నత్త ఒకటి ఏ రాయి వెనకో చచ్చి పడుంటే ఇల్లంతా టెన్షన్. నీరు ఆవిరవుతుంది, ఉప్పు ఆవిరవదు. రెండు రోజులు మంచినీళ్లు పొయ్యడం మర్చిపోతే 35 ఉండాల్సిన సెలినిటీ 37 ఎక్కి కూర్చుంటుంది. అందుకని తమరికి ఒక సెన్సరు, ఒక బుల్లి పంపు, పక్కన ప్రత్యేకంగా మంచినీళ్ల డబ్బా. నీటిమట్టం గోరంత దిగితే చాలు, గుర్రుమంటూ పంపు తిరుగుతుంది. నేను దాహం వేస్తే లేచి వంటింట్లోకి వెళ్లాలి.

నా కడుపుమంట వేరే. వాడు చెరువు గట్టు మీద బతకకూడదనే కదా నేను వాణ్ణి చదివించింది! రాత్రి రెండింటికి కరెంటు పోతే టార్చిలైటు పట్టుకుని జనరేటర్ దగ్గరికి పరిగెత్తడం, నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగితే తెల్లవారుజామున రొయ్య నీటిపైకి తేలుతుందేమోనని గట్టు చుట్టూ తిరగడం, ఇవేవీ వాడి జాతకంలో ఉండకూడదనుకున్నాను. ఒక చెరువు అమ్మి ఇంజనీరింగు, ఇంకో చెరువు తాకట్టు పెట్టి ఎమ్మెస్. తీరా వచ్చి చూద్దును కదా, సముద్రాలు దాటించిన కొడుకు తెల్లవారుజామున తమరి ముందు మోకాళ్ల మీద కూర్చుని, నుదుటికి టార్చి కట్టుకుని, గాజుగొట్టంలో చుక్కలు లెక్కపెడుతున్నాడు. "అమ్మోనియా జీరో, నాన్నా!" అన్నాడు. మనవడు పుట్టాడని ఫోన్ చేసినప్పుడు కూడా ఆ గొంతులో అంత మురిపెం లేదు.

మా చెరువుకీ తమరికీ తేడా ఒక్కటే. మాకు నాలుగు నెలలకోసారి రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి ఉంటుంది. లాభమో నష్టమో ఆ రోజు లారీ ఎక్కుతుంది. తమరి దగ్గర మేత ఉంది, మినరల్స్ ఉన్నాయి, మందులున్నాయి, కరెంటు బిల్లు ఉంది, పట్టుబడి లేదు. ఇందులో మిగిలేదేమిట్రా అని అడిగితే "హాబీ నాన్నా" అన్నాడు. మా చుట్టుపక్కల ఊళ్లలో ఈ పద్ధతిలో రొయ్యలు పెంచినవాళ్లు బోలెడుమంది ఉన్నారు. కాకపోతే వాళ్లు దాన్ని బ్యాంకువాడికి హాబీ అని చెప్పుకోలేకపోయారు.

తమరి నీళ్ల వైభోగం చూసి నోరు తెరిచాను. కుళాయి నీళ్లు తమరికి పనికిరావు. అందులో క్లోరమిన్, సిలికేట్, ఫాస్ఫేట్, ఏమేం ఉన్నాయో అన్నీ ఆర్వో గొట్టం, దాని వెనక డీఐ గొట్టం దాటించి పీకెయ్యాలి. నీళ్లలో కరిగినవి కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపించాలి. అలా ఏమీ లేకుండా చేసిన నీళ్లలో మళ్లీ బకెట్టు ఉప్పు తెచ్చి క్యాల్షియం, మెగ్నీషియం, పొటాషియం అన్నీ కలపాలి, లీటరుకు 35 గ్రాముల పైచిలుకు. ఉప్పు పన్ను మీదే 1930లో దండి దాకా నడిచిన దేశం మాది. ఈ బకెట్టు ధరకి ఎక్కడిదాకా నడవాలో నాకు అంతుబట్టడం లేదు.

ఉప్పదనం చూసే రిఫ్రాక్టోమీటరు మాత్రం పాత చుట్టం. అద్దం మీద రెండు చుక్కలు వేసి, బుడగ లేకుండా మూత అదిమి, కంటికి ఆనించి కిటికీ వైపు తిప్పాను. పైన నీలం, కింద తెలుపు, రెండూ కలిసేచోట గీత సరిగ్గా 35 మీద నిలబడింది. మా దగ్గర ఆ గీత ఐదుకీ పదికీ మధ్య ఆడుతుండేది. "నీకిది చూడ్డం ఎలా తెలుసు నాన్నా?" అని మావాడు ఆశ్చర్యపోయాడు. వాడి కాలేజీ ఫీజులన్నీ ఆ గీత చూసి కట్టినవే.

తమరికి ప్రాణం పోసిన ముహూర్తం నేను వీడియో కాల్లో చూశాను. 2025 అక్టోబరు. సూపర్ మార్కెట్ నుంచి పచ్చి రొయ్యల ప్యాకెట్టు తెచ్చి, అందులోంచి ఒకటి తీసి తమరిలో పడేశాడు. "కుళ్లాలి నాన్నా, కుళ్లితే అమ్మోనియా పుడుతుంది, దాన్ని తినే బాక్టీరియా వస్తుంది" అని నాకు పాఠం చెప్పాడు. ఏదీ, ఆ ప్యాకెట్టు ఇటు తిప్పు అన్నాను. వెనక చిన్న అక్షరాల్లో మన దేశం పేరు ఉంది. ఆ ఆగస్టులోనే కదా భారత సరుకు మీద అమెరికా సుంకాన్ని 50 శాతానికి లాగింది! ఏ నెల్లూరు రైతో, ఏ ఆకివీడు రైతో నిద్ర మానుకుని పెంచి, ఐసులో పెట్టించి, సుంకం దెబ్బకి రేటు పడిపోతే కళ్లనీళ్లు పెట్టుకుని అమ్మిన రొయ్య అది. ప్రపంచం సగం చుట్టి వచ్చింది దేనికయ్యా అంటే, తమరి సన్నిధిలో కుళ్లడానికి!

కుళ్లింది. ఒకరకం బాక్టీరియా అమ్మోనియాని నైట్రైటు చేసింది, ఇంకోరకం దాన్ని నైట్రేటు చేసింది. ఈ తతంగానికి నాలుగు నుంచి ఆరు వారాలు. ఈలోగా దీపావళికి వచ్చిన స్నేహితులు లైటు కింద రాళ్లు చూసి "చేపలేవి?" అంటే, "సైకిల్ అవుతోంది" అన్నాడట. మర్యాదస్తులు, స్వీట్లు తిని వెళ్లిపోయారు.

తరవాత తమరు సిబ్బందిని నియమించుకున్నారు. ముందు పారిశుధ్య విభాగం, అంటే నత్తలు, సన్యాసి పీతలు. నత్తలు పాచి గీకుతాయి. వెల్లకిలా పడ్డ టర్బో నత్త ఒక్కోసారి తనంతట తాను లేవలేదు, ఇంటాయన చెయ్యి పెట్టి లేపాలి. పీతకి పెద్ద ఇల్లు కావాలనిపిస్తే ఒక్కోసారి ఖాళీ గుల్ల కోసం ఎదురుచూడదు, నత్తని చంపి అందులో కాపురం పెడుతుంది. మున్సిపాలిటీ అనిపించుకున్నారు.

ఆ పైన క్లౌన్ చేపల జంట. ఆ జాతిలో అన్నీ మగవిగానే పుడతాయట. గుంపులో పెద్దది ఆడదవుతుంది, అది పోతే దాని మొగుడే ఆడదై పెత్తనం అందుకుంటాడు. మా ఆవిడకి ఈ ఏర్పాటు బాగా నచ్చింది. తుపాకీ రొయ్యకి చూపు అంతంతమాత్రం, పగలంతా బొరియ తవ్వుతుంది. గోబీ చేప గుమ్మంలో కాపలా కాస్తుంది. రొయ్య తవ్వుతున్నంతసేపూ మీసం ఒకటి చేప ఒంటికి ఆనించే ఉంచుతుంది. చేప తోక ఆడించిందంటే ఇద్దరూ లోపలికి మాయం. వచ్చిన మొదటి రాత్రి "టక్" మన్న చప్పుడుకి గాజు పగిలిందని లేచి లుంగీ సర్దుకుంటూ హాల్లోకి పరిగెత్తాను. రొయ్యగారు గోరు విదిలించారట.

క్లీనర్ రొయ్య సంగతి మాత్రం మింగుడుపడలేదు. ఎర్ర వీపు మీద తెల్ల చార, పొడుగు తెల్ల మీసాలు. చేపల ఒంటిని శుభ్రం చేస్తుందట. ఖరీదు 35 డాలర్లు. మా దగ్గర 100 కౌంట్, అంటే కిలోకి వంద తూగే రొయ్య, కిలో 250 రూపాయలు అటూఇటూ. అంటే ఈ ఒక్క మంగలి రొయ్య ధరకి పన్నెండు కిలోలు, 1,200 రొయ్యలు. అవేమీ మీసాలు లేనివి కావు.

పగడాల బేరం ఇంకో ఎత్తు. రొయ్య సీడ్ మేం లక్షల్లో కొంటాం, పిల్ల అర్ధరూపాయి లోపు. తమరి దగ్గర బొటనవేలి గోరంత ముక్క, సూపర్ గ్లూతో ఓ బిళ్లకి అతికించినది, తలకాయల లెక్కన అమ్ముతారు. ఒక తలకి ఇంత, రెండు తలలకి అంత. పేర్లు మళ్లీ వేరు. యాక్రోపోరా అనే రకం పగడాల్లో ఒకదాని పేరు హోమ్‌రెకర్. అంటే కాపురాలు కూల్చేది. అమ్మినవాడు నిజాయతీపరుడు. జోయాంతిడ్లనే పగడాల చుట్టాలని చేతులకి గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దంటాడు మావాడు, కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే మహా విషం ఉంటుందట. ఈ పగడాల ఒంట్లో సన్నని నాచు కాపురముంటుంది, అది వెలుతురు తిని పగడానికి అన్నం పెడుతుంది. అందుకని తమరికి నీలి ఎల్ఈడీ లైట్లు. సాయంత్రమయ్యేసరికి మా హాలు జాతరలో రికార్డింగ్ డాన్సు పందిరిలా తయారవుతుంది. ఆ లైటు కింద హనుమాన్ చాలీసా చదువుకోవాలంటే నాకే మొహమాటంగా ఉంది.

నీళ్లలో నాచు పుట్టాలని మేం బెల్లం, తవుడు పులియబెట్టి చెరువంతా చల్లుతాం. తమరికి అదే నాచు పుడితే అవమానం. ముందు గోధుమరంగు పొర, తరవాత జుట్టులా వేలాడే ఆకుపచ్చది, మధ్యలో ఎర్రటి జిగురు. మావాడు టూత్ బ్రష్ పెట్టి రాయి రాయీ తోముతాడు. నైట్రేటు దిగడానికి ఏం పోస్తున్నావురా అంటే, వోడ్కా అన్నాడు! కార్బన్ అందితే బాక్టీరియా పెరిగి నైట్రేటుని, ఫాస్ఫేటుని తినేస్తుంది, ఆ బాక్టీరియాని స్కిమ్మరు అనే యంత్రం నురగలో లాగేస్తుంది. బెల్లంతో మేం చేసేదీ అలాంటి పనే. మా రొయ్య బెల్లంతో సరిపెట్టుకుంది, తమరు ఫారిన్ సరుకు అడిగారు.

ఒకరోజు వాడు ఫోన్లో "వైట్ స్పాట్" అనడం వినపడి నా చేతిలో కాఫీ ఒలికింది. 90ల నడుమ ఆ మాట మా జిల్లాల్లో ఎన్ని ఇళ్లు ముంచిందో వాడికేం తెలుసు, అప్పటికి పలక పట్టలేదు. మా తెల్లమచ్చ వైరస్, వారం పది రోజుల్లో చెరువు చెరువంతా ఊడ్చేసేది. తమరిది వేరట, చేపకి పట్టే పరాన్నజీవి. చేపల్ని వేరే తొట్టిలో పెట్టి రాగి మందు పొయ్యాలి, ఇక్కడ పోస్తే రొయ్యలు, నత్తలు పోతాయి. తమర్ని మాత్రం రెండున్నర నెలలు చేపల్లేకుండా పస్తుంచాలి. చివరికి వాడు చూసింది తెల్లటి ఇసుక రేణువు. నేను కాఫీ తుడుచుకున్నాను.

హైదరాబాదులో ఉన్న కోడలి తమ్ముడు తనకీ ఒక పగడపు ముక్క తెచ్చిపెట్టమన్నాడు. మన దేశంలో రీఫ్ కట్టే పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, పులి సరసన ఉన్నాయి. జేబులో పులిపిల్లతో శంషాబాద్‌లో దిగే ధైర్యం ఈ వయసులో లేదు బాబూ అన్నాను. తమరి హోదా పులితో సమానమని తెలిశాక కూడా నా గౌరవం పెరగలేదని మనవి.

ఒక్క విషయంలో మావాణ్ణి మెచ్చుకున్నాను. 2021 ఫిబ్రవరి మంచు తుఫానుకి ఈ టెక్సస్‌లో ఇళ్లు, దుకాణాలు కలిపి 40 లక్షలకు పైగా కరెంటు పోగొట్టుకున్నాయి. చల్లబడిపోయి, నీళ్లు కదలక, ఎన్నో తొట్లు అప్పుడు శ్మశానాలయ్యాయట. ఆ కథలు విని వీడు కరెంటు పోగానే తనంతట తాను ఆన్ అయ్యే బ్యాటరీ పంపు కొని పెట్టాడు. ప్లగ్గు పీకి పరీక్షించి చూశాను. తిరిగింది. జనరేటర్ పక్కన మడత మంచం వేసుకుని పడుకున్నవాడి కొడుకు అనిపించుకున్నాడు.

వచ్చే గురువారం అందరూ నాలుగు రోజులు ఓర్లాండో వెళుతున్నారు. అంత నడక నా వల్ల కాదని నేను ఉండిపోతున్నాను. తమరి సంరక్షణ నాకు అప్పగిస్తూ మావాడు ఫ్రిజ్ మీద కాగితం అంటించాడు. "నాన్నా, మేత ఎక్కువ వెయ్యకు" అని ఎర్ర ఇంకుతో రాసి, కింద రెండు గీతలు. ఎవరికి? చెక్ ట్రేలో మిగిలిన మేత వేళ్లతో తడిమి రేపటి లెక్క చెప్పినవాడికి! తమరి చేపలకి వేసే మైసిస్ రొయ్యల పలకలు ఫ్రీజర్లో, గోంగూర డబ్బాకి ఎడమవైపు ఉన్నాయట. రెండూ కలవకూడదని కోడలు ఇంకో కాగితం అంటించింది.

కాబట్టి నా షరతులు వినండి. ఆ నాలుగు రోజులూ ఎవరూ చావకూడదు. నత్తలు వెల్లకిలా పడితే వాటి ఖర్మ, నా నడుము వంగదు. తుపాకీ రొయ్య రాత్రి పదింటి తరవాత కాల్పులు ఆపాలి. నీలి లైటు నేను చాలీసా పూర్తి చేశాకే వెలుగుతుంది. ఆల్కలినిటీ సాయంత్రం చూస్తాను, 8 కి తగ్గితే మావాడికి ఫోన్ చెయ్యను, మందు చుక్కలు నేనే కొలిచి పోస్తాను. దీనికి తమరు సహకరించగలరు.

ఇట్లు,
తమరి యజమాని తండ్రి, తాత్కాలిక చెరువు కాపలాదారు.

తా.క.: వోడ్కా తమరి కోటా రోజుకి కొన్ని చుక్కలే. ఆదివారం మావాడు వచ్చి సీసా చూసి అడిగితే, టెక్సస్ ఎండకి ఆవిరైపోయిందని ఇద్దరం ఒకే మాట మీద ఉందాం.