పటర్నో విగ్రహం కోసం తిరుగుతున్న ఆ మెసేజ్‌కు నా జవాబు

ఫుట్‌బాల్ సీజన్ మొదలైతే చాలు, అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీలో చదువుకున్న మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోకి ఆ మెసేజ్ వచ్చి పడుతుంది. యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకు దశాబ్దాలపాటు కోచ్‌గా ఉన్న జో పటర్నోకు ఘోరమైన అన్యాయం జరిగింది, స్టేడియం ముందు ఆయన విగ్రహం మళ్లీ నిలబెట్టాలి, దానికి కారణాలు ఇవీ అంటూ వరసగా చెప్పుకొస్తుంది. చివర్లో "నిజమైన పెన్ స్టేట్ బిడ్డవైతే పదిమందికి పంపు" అని ఓ ఆజ్ఞ. పంపేవాళ్లలో చిన్నపిల్లల తల్లిదండ్రులు ఉన్నారు. ఆయన గెలిపించిన 409 మ్యాచ్‌ల గురించి అందులో పేరాలకు పేరాలు ఉన్నాయి. ఆయన దగ్గర ఏళ్లతరబడి సహాయ కోచ్‌గా పనిచేసి, పిల్లలపై లైంగిక దాడులు చేసిన జెర్రీ శాండస్కీ చేతుల్లో నలిగిపోయిన పిల్లల గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం. అదీ వాళ్లు డబ్బు కోసం వచ్చారని.

ఆ వాక్యం దగ్గరికి తర్వాత వస్తాను. ముందు తేలికగా తేలిపోయేవి చూద్దాం.

"తీసేసిన గెలుపులు 2015లో తిరిగి ఇచ్చారు, అంటే ఆయన తప్పు లేదని తేలింది." ఏమీ తేలలేదు. ఈ వ్యవహారం బయటపడ్డాక కాలేజీ క్రీడల సంఘం ఆయన గెలుపుల్లో కొన్నిటిని లెక్కలోంచి తీసేసింది. ఆ శిక్షల విషయంలో కోర్టులో నడుస్తున్న ఒక దావా రాజీ కుదిరింది, అందులో భాగంగా గెలుపులు తిరిగి లెక్కలోకి వచ్చాయి. నన్నడిగితే వాటిని తీసేయడమే పొరపాటు. ఆ మ్యాచ్‌లు ఆడి గెలిచింది కుర్రాళ్లు. వాళ్లకూ ఈ నేరానికీ సంబంధం లేదు. కానీ పట్టికలో అంకె మారినంత మాత్రాన 2001లో శాండస్కీ గురించి ఆయనకు తెలిశాక జరిగింది జరగకుండా పోతుందా?

"ఇదంతా మీడియా కుట్ర." శాండస్కీ మీద దర్యాప్తు నడుస్తోందన్న విషయాన్ని 2011 మార్చిలో మొదట బయటపెట్టింది హారిస్‌బర్గ్‌లోని పత్రిక. రాసిన విలేఖరి మన పెన్ స్టేట్‌లోనే డిగ్రీ చేసిన అమ్మాయి. విచారణ జరిగింది స్టేడియానికి దగ్గరి ఊరైన బెల్‌ఫాంట్ కోర్టులో. జ్యూరీలో పలువురికి ఏదో ఒక రకంగా మన యూనివర్సిటీతో సంబంధం ఉంది. శాండస్కీ మీద మోపిన 48 అభియోగాల్లో 45 రుజువయ్యాయని వాళ్లే చెప్పారు. కుట్ర చేసింది ఎవరు మరి, మనవాళ్లేనా?

"ఆయన చట్టప్రకారం చేయాల్సింది చేశారు, పైవాళ్లకు చెప్పారు, ఆయన మీద కేసు కూడా పెట్టలేదు." ఇది నిజం. అప్పటి పెన్సిల్వేనియా చట్టం ప్రకారం పై అధికారికి చెబితే సరిపోయేది. ప్రాసిక్యూటర్లు కూడా పటర్నోను నిందితుడిగా చూడలేదు. అయితే ఆ చట్టం చాలదని ఈ కేసు చూశాకే ఆ రాష్ట్రం దాన్ని మార్చింది. ఇప్పుడు పైవాళ్లకు చెప్పి చేతులు దులుపుకోవడం కుదరదు, పిల్లల రక్షణ విభాగానికి నేరుగా చెప్పాల్సిందే. మన దేశంలో 2012 నాటి పోక్సో చట్టం కూడా తెలిసిన ప్రతివాడూ పోలీసులకు చెప్పాలనే అంటుంది. చట్టం దృష్టిలో నేరస్థుడు కాకపోవడం ఒకటి, నిలువెత్తు విగ్రహానికి అర్హుడు కావడం ఇంకొకటి. జైల్లో పెట్టలేదు కాబట్టి గుడి కట్టాలనే వాదన నాకు ఎక్కడం లేదు.

ఇంతకీ ఆయన ఏం చేశారో ఆయన మాటల్లోనే ఉంది. 2001 ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున జట్టులో కోచ్‌లకు సహాయకుడిగా ఉన్న మైక్ మెక్‌క్వీరీ ఆయన ఇంటికి వచ్చి, ముందురోజు రాత్రి జట్టు భవనంలోని స్నానాల గదిలో శాండస్కీని ఒక చిన్న పిల్లవాడితో చూశానని చెప్పాడు. అది లైంగికమైన వ్యవహారమేనని తనకు అర్థమైనట్టు పటర్నోయే, కేసు పెట్టాలా వద్దా తేల్చే గ్రాండ్ జ్యూరీ ముందు ఒప్పుకున్నారు. మరి వెంటనే ఎందుకు ఫోన్ చేయలేదు? శనివారం కదా, పైవాళ్ల సెలవు రోజులు పాడుచేయడం ఇష్టం లేకపోయిందట. ఈ మాట చదివిన ప్రతిసారీ నా ఒళ్లు మండుతుంది. ఆ పిల్లవాడు ఎవరు, ఏ ఇంటికి వెళ్లాడు, క్షేమంగా ఉన్నాడా అని ఎవరూ వాకబు చేయలేదు. ఆదివారం ఒక మాట చెప్పి, ఆ తర్వాత దాదాపు పదేళ్లు ఆయన తన పని తాను చేసుకున్నారు. శాండస్కీ ఆ ఊళ్లోనే తిరుగుతున్నాడు, ఆ భవనానికే వస్తున్నాడు, అతని స్వచ్ఛంద సంస్థ ద్వారా కొత్త పిల్లలు అతని చేతికి చిక్కుతూనే ఉన్నారు. ఏమైంది ఆ విషయం అని ఒక్కసారి గట్టిగా అడిగి ఉంటే?

"ఆయన ఉత్త కోచ్, ఆయన చేతిలో ఏముంది" అంటుంది మెసేజ్. 2004లో యూనివర్సిటీ అధ్యక్షుడు స్పానియర్, క్రీడా విభాగాధిపతి కర్లీ ఆయన ఇంటికి వెళ్లి ఇక పదవి వదలమని అడిగితే, కుదరదని చెప్పి పంపించిన మనిషి ఆయన. 2000లో అవే స్నానాల గదుల్లో శాండస్కీ ఒక పిల్లవాడిపై చేస్తున్న అఘాయిత్యాన్ని కళ్లారా చూసిన సఫాయి కార్మికుడు వణికిపోతూ తోటివాళ్లకు చెప్పుకున్నాడే తప్ప ఫిర్యాదు చేయలేదు. పటర్నో జట్టు మనిషి మీద ఫిర్యాదు చేయడమంటే అమెరికా అధ్యక్షుణ్ని ఎదిరించడం లాంటిదేనని, ఉద్యోగాలు ఊడతాయని భయపడ్డామని అతని తోటి ఉద్యోగి తర్వాత విచారణాధికారులకు చెప్పాడు. గదులు తుడిచే మనిషికి నోరు పెగలకుండా చేసింది ఏమిటి? మనలో ఎవరూ అతన్ని బెదిరించలేదు. వారం వారం లక్షమంది స్టేడియంలో నిలబడి ఒక మనిషి పేరు జపిస్తుంటే, ఆ మనిషికి నచ్చని నిజం చెప్పడానికి ఎవరికి ధైర్యం వస్తుంది? ఆ లక్షలో మనమూ ఉన్నాం.

ఇక డబ్బు మాట. "ఇన్నేళ్లు నోరు మూసుకుని, యూనివర్సిటీ దగ్గర కోట్లు కనబడగానే వచ్చారు." ఈ వాక్యం రాసినవాళ్లకూ, చదివి ముందుకు పంపినవాళ్లకూ ఒకే ప్రశ్న: తేదీలు చూశారా?

1998లో ఒక తల్లి దగ్గరికి పదకొండేళ్ల కొడుకు తడి జుట్టుతో ఇంటికి వచ్చాడు. ఆమె అడిగితే, శాండస్కీతో కలిసి స్నానం చేశానని చెప్పాడు. మర్నాడే ఆమె ఫిర్యాదు చేసింది. పోలీసులు ఆమె ఇంట్లోనే దాక్కుని శాండస్కీతో ఆమె సంభాషణ విన్నారు. ఆమె నిలదీస్తే అతను క్షమాపణ దొరికితే బాగుండును, కానీ నీ దగ్గర దొరకదని తెలుసు, చచ్చిపోతే బాగుండును అన్నాడు. నిర్దోషి నోట వచ్చే మాటేనా ఇది? అయినా కేసు మూసేశారు. ఆ తల్లి ఏ కోట్లు చూసి వచ్చింది?

2008లో ఇంకో తల్లి కొడుకు చదివే బడికి వెళ్లి మొరపెట్టుకుంది. అసలు దర్యాప్తు కదిలింది అక్కడి నుంచే. అరెస్టు జరిగింది 2011 నవంబరులో. యూనివర్సిటీ 26 మందికి దాదాపు 6 కోట్ల డాలర్ల పరిహారం ప్రకటించింది 2013 అక్టోబరులో. అంటే ఆ పిల్లవాడు నోరు విప్పిన అయిదేళ్లకు. పదిహేనేళ్ల కుర్రాడు తనకు జరిగిన దాన్ని అపరిచితుల ముందు, గ్రాండ్ జ్యూరీ ముందు పదే పదే చెప్పుకున్నది అయిదేళ్ల తర్వాత రాబోయే చెక్కు కోసమా? 2011 నవంబరులో యూనివర్సిటీ పటర్నోను తొలగించిన రోజుల్లో ఆ కుర్రాడికి దక్కిన పరిహారం ఏమిటో తెలుసా? నీవల్లే కోచ్ పోయాడని బళ్లో పిల్లలు ఎంత వేధించారంటే, చివరి సంవత్సరంలో ఆ బడి మానేసి పోవాల్సి వచ్చింది. ఆ పిల్లలకు ఆ మాట నేర్పింది ఎవరు? ఇళ్లలో పెద్దవాళ్లు. ఇప్పుడు మీరు పంపుతున్న మెసేజ్‌లో ఉన్నది సరిగ్గా అదే మాట.

బాధితులైన ఎనిమిది మంది యువకులు 2012 జూన్‌లో కోర్టు బోనెక్కి, తమ ఊరివాళ్ల ముందు, కెమెరాలు బయట కాచుకుని ఉండగా, అన్నీ చెప్పారు. ఇన్నేళ్లు ఎందుకు మాట్లాడలేదని అడుగుతున్నారు. మాట్లాడితే ఏమవుతుందో మీ మెసేజే చూపిస్తోంది కదా.

ఒక విషయం ఒప్పుకోవాలి. యూనివర్సిటీ తరఫున విచారణ జరిపిన లూయీ ఫ్రీ ఇచ్చిన నివేదికలో పటర్నో స్వయంగా రాసిన ఈమెయిల్ ఒక్కటీ లేదు. "కోచ్ తెలుసుకోవాలని ఆత్రంగా ఉన్నారు" అని కర్లీ 1998లో రాసిన మెయిల్‌లో కోచ్ అంటే పటర్నోయేనా అని ఆయన కుటుంబం వేసిన ప్రశ్నను కొట్టిపారేయలేం. ఆయన మనసులో ఏముందో ఫ్రీ చెప్పినంత కచ్చితంగా నేను చెప్పలేను. 46 సీజన్లు పనిచేసిన 84 ఏళ్ల మనిషిని రాత్రి పూట ఫోన్‌లో తొలగించిన తీరు కూడా నాకు నచ్చలేదు. అయినా నా వాదనకు ఫ్రీ నివేదిక అక్కర్లేదు. పటర్నో సాక్ష్యం ఒక్కటి చాలు. ఇంకా ఎక్కువ చేసి ఉంటే బాగుండేదని 2011 నవంబరులో పటర్నోయే ప్రకటించారు. తన జీవితంలోని పెద్ద దుఃఖాల్లో ఇదొకటి అన్నారు. తప్పు లేదని ఆయనే అననప్పుడు, ఆయన తరఫున మీరెందుకు అంటున్నారు?

ఇక ఆయన ఇచ్చిన విరాళాలు, లైబ్రరీ, చదువు పూర్తిచేయించిన ఆటగాళ్లు. అన్నీ నిజమే. ఆ లైబ్రరీలో కూర్చుని చదువుకున్నవాళ్లం మనం. ఆయన పేరు దాని మీద ఉంది, ఉండనివ్వండి. పెన్ స్టేట్ మీద అభిమానం చూపించాలంటే 2011 నవంబరులో మన పూర్వ విద్యార్థులు చూపించారు. లైంగిక హింస బాధితులకు అండగా నిలిచే సంస్థకు రోజుల్లో 5 లక్షల డాలర్లకు పైగా పోగుచేసి ఇచ్చారు. అదే వారం కొందరు వీధుల్లో టీవీ వ్యాను తిరగేశారు. వీళ్లూ మనవాళ్లే, వాళ్లూ మనవాళ్లే.

విగ్రహం సంగతి అంటారా, 2012 జులైలో తీసేశారు. స్టేడియానికి మ్యాచ్ చూడటానికి వచ్చేవాళ్లలో ఆ ఎనిమిది మందిలో ఒకరు ఉండవచ్చు, తన కొడుకును వెంటబెట్టుకుని రావచ్చు. ఆ మనిషి ఆ కంచు బొమ్మ ముందు నుంచి నడిచి లోపలికి వెళ్లాలని మీరు కోరుకుంటుంటే, ఆ మాట ఈ గ్రూపులో మీ పేరుతో రాయండి. ఎవరో రాసిన మెసేజ్ పంపవద్దు.