రోజూ పటిక వేసేదెవరు?

నల్లగొండ గడియారం సెంటర్‌కు నాలుగడుగుల దూరంలో ఒక టీవీ రిపేరు దుకాణం ఉంది. ఇప్పుడు అక్కడికి వచ్చేవి ఎక్కువగా సెట్‌టాప్ బాక్సులు, ఇన్వర్టర్ బోర్డులే. పై అరలో మాత్రం పాత వీడియో గేమ్ మిషన్లు వరుసగా ఉన్నాయి. వాటిలో నాలుగు కీబోర్డు ఆకారంవి. టీవీకి తగిలించి, కాసెట్ గుచ్చితే టైపింగ్ నేర్పేవి, బేసిక్ భాషలో ప్రోగ్రాం రాయనిచ్చేవి. "పిల్లలకు కంప్యూటర్ తెచ్చినం" అని ఎన్నో ఇండ్లల్లో సంబురపడ్డది వీటిని చూసే. లోపలున్నది 1983లో జపాన్‌లో నింటెండో తెచ్చిన ఫ్యామికామ్ అనే ఆట మిషన్‌కు నకలు.

దుకాణం మామది. మేనకోడలు బీటెక్ మూడో ఏడు చదువుతోంది. సీసీ65 అని ఒక ఉచిత కిట్ ఉంది. సి భాషలో రాసింది మిషన్ భాషలోకి మార్చే కంపైలర్, ప్రాసెసర్ ఆజ్ఞల్లోనే (అసెంబ్లీలో) రాసింది మార్చే అసెంబ్లర్, ముక్కలను కలిపే లింకర్, లైబ్రరీలు అన్నీ అందులోనే. విండోస్ మీదైనా లినక్స్ మీదైనా కూర్చొని 6502 జాతి ప్రాసెసర్లున్న పాత మిషన్లకు ప్రోగ్రాం తయారు చేసుకోవచ్చు. కమొడోర్ 64, ఆపిల్ 2, అటారీ ఆట మిషన్లు, నింటెండో ఇప్పటికే అందులో ఉన్నాయి. మన కీబోర్డు మిషన్‌లో ఉన్నదీ ఆ జాతి ప్రాసెసరే, దాన్ని కూడా అందులో కలపాలన్నది కోడలి పట్టు. మామ వద్దంటాడు. ఒక ఆదివారం వాళ్లిద్దరి నడుమ కూర్చొని విన్నది ఇక్కడ రాస్తున్నాను. నా మొగ్గు కోడలి వైపే, ముందే చెప్తున్నా. అయినా మామ అన్న ఒక మాట నన్ను ఇంకా వదల్లేదు.

మామ: ముందుగాల ఒక్కటి చెప్పు బిడ్డా. ఈ మిషన్ల ర్యామ్ ఎంత?

కోడలు: రెండు కేబీ మామా. 2048 బైట్లు.

మామ: దాంట్ల మొదటి 256 జీరో పేజీ, ప్రాసెసర్ తొందరగ అందుకునే జాగ. దాని తర్వాతి 256 ప్రాసెసర్ స్టాక్, మల్ల యాడికి తిరిగి రావాలో రాసుకునే జాగ. తెర మీద కదిలే బొమ్మలు 64, ఒక్కోదానికి నాలుగు బైట్లు, అదొక 256. ఇగ మిగిలింది 1280. నీ సి భాష దాంట్లనే కాపురం పెట్టాలె. ఒక్కో ఫంక్షన్ సొంతంగ వాడుకునే లోకల్ వేరియబుల్స్ ఎక్కడ కూసుంటయి? ప్రాసెసర్ స్టాక్ సాలదు. కంపైలర్ ఇంకో స్టాక్ కట్టుకుంటది, దానికి జీరో పేజీల ఒక పాయింటర్ పెట్టుకుంటది. నేను అసెంబ్లీల జీరో పేజీకెళ్లి ఒక బైటు తీస్తే మూడు సైకిళ్లు, అంటే ప్రాసెసర్ గడియారం మూడు దెబ్బలు. నీ కంపైలర్ వై రిజిస్టర్ నింపి, పాయింటర్ పట్టుకొని పోయి తెచ్చేసరికి ఏడు. ప్రతి వేరియబుల్‌కు ఇదే లెక్క.

కోడలు: తెలుసు మామా. అందుకే లోకల్స్ అన్నిటిని స్టాటిక్ చేసేటందుకు, అంటే ఒక్కోదానికి పక్కా జాగ ఇచ్చేటందుకు, కిట్‌లనే ఒక స్విచ్ ఉన్నది. ఒక బైటు సరిపోయే కాడ రెండు బైట్ల ఇంట్ వాడం, ఒక బైటు అన్‌సైన్డ్ చార్ వాడుతం. ఫంక్షన్ తనను తనే పిలుచుకునేటట్టు రాయం. దశాంశాల లెక్కకు ఫ్లోట్ ఎట్లాగూ లేదు.

మామ: ఇన్ని మానుకొని రాసేదానికి సి అని పేరెందుకు? నేరుగ అసెంబ్లీనే రాయరాదు?

కోడలు: రాసేటోళ్లు ఎవరు మామా? నా క్లాసుల సి రానోళ్లు లేరు, మొదటి ఏడే చెప్తరు. 6502 అసెంబ్లీ వచ్చినోళ్లు ఒక్కరు లేరు. మీ దుకాణంల మీరొక్కరే ఉన్నరు. స్కోరు లెక్క, మెనూ, పదాల పట్టిక, ప్రశ్న, జవాబు... వీటికి నాలుగు సైకిళ్లు ఎక్కువైతే ఏం మునుగుతది? పిల్ల కీ నొక్కినంక మల్ల కీ నొక్కేలోపు మిషన్‌కు లక్ష సైకిళ్ల ఖాళీ ఉంటది.

మామ: నేను ఆడ గురించి చెప్తలేను. తెర కాడ చెప్తున్న. టీవీల గీత అడుగుకొచ్చి మల్ల పైకి పోతది సూడు, ఆ సందుల్నే తెర మీది అక్షరం మార్చాలె. ఆ సందు 2270 సైకిళ్లు, జర అటు ఇటు. బొమ్మల పట్టిక పంపుటానికే 513 పోతయి. దాటినవంటే తెర చెదురుతది. నీ కంపైలర్‌కు ఆ సందు సంగతి తెలుసునా?

కోడలు: తెల్వదు, తెల్వాల్సిన పని లేదు. ఆ ముక్క అసెంబ్లీలనే రాస్తం. సి వైపు ఏది మార్చాలన్నా ఒక బఫర్‌ల వేసి పోతది. సందు రాంగనే చేసే పని ఆపమని ప్రాసెసర్‌కు ఎన్‌ఎంఐ అనే పిలుపు వస్తది, అసెంబ్లీ రొటీన్ ఆ బఫర్‌ను తీస్కపోయి తెరకు వేస్తది. ఆ రొటీన్ ఒక్కసారి మీరు రాస్తే వందమంది వాడుకుంటరు. కిట్ అంటే అదే కద మామా.

(ఇక్కడ మామ కొంచెంసేపు మాట్లాడలేదు. సాల్డరింగ్ ఐరన్ కొన స్పాంజికి తుడిచి స్టాండులో పెట్టాడు.)

మామ: సరే. మన టీవీ పద్ధతి పాల్. సెకనుకు 50 తెరలు. నింటెండో తన పాల్ మిషన్ల ఆ సందును 70 గీతలు చేసింది. నకలోళ్లు ఏం చేసిన్రు? సెకనుకు 50 ఉంచిన్రు, సందు మాత్రం జపాన్ మిషన్ లెక్క 20 గీతలే ఉంచిన్రు, జపాన్ కాసెట్లు తిప్పలు లేకుండ నడవాలని. నువ్వు ల్యాప్‌టాప్‌ల పాల్ అని పెట్టి ఆడిస్తవు, మంచిగ నడుస్తది. ఈ అర మీద మిషన్‌కు పెడితే అక్షరాలు ఎగుర్తయి.

కోడలు: ఎమ్యులేటర్లల్ల, అంటే ల్యాప్‌టాప్ మీదనే మిషన్ లెక్క నడిచే ప్రోగ్రాంలల్ల, దానికి డెండీ అని వేరే సెట్టింగ్ ఉన్నది మామా. రష్యాల అమ్మిన నకలు పేరది. నేను దాని మీదనే చూస్తున్న.

మామ: కీబోర్డు?

కోడలు: నింటెండో 1984ల ఫ్యామిలీ బేసిక్ అని కాసెట్, దానికో కీబోర్డు తెచ్చింది. 72 కీలు, తొమ్మిది వరసలు, వరసకు ఎనిమిది. 4016 అడ్రసుకు రాస్తే వరస ముందుకు జరుగుతది. 4017 చదివితే ఒక్కసారికి నాలుగు కీల సంగతి చెప్తది. అంటే వరసకు రెండుసార్లు చదవాలె. దీనికి డ్రైవర్, అంటే కీలు చదివే ప్రోగ్రాం ముక్క, రాసుడు కష్టం కాదు.

మామ: అది జపాన్‌ది. మన దాంట్ల వైర్లు గట్ల పోవు. తయారు చేసినోడు ఎట్ల అనుకుంటే అట్ల పోతయి. అర మీద నాలుగున్నయి, నాలుగు ఒక్క తీరుగ ఉన్నయని నాకైతే నమ్మకం లేదు. దేన్ని కలుపుతవు?

మా ఇంట్లో కూడా ఇలాంటిదొకటి ఉండేది. బత్తాయి అమ్మిన పైసలతో మా నాయిన తెచ్చాడు. పొద్దంతా కూర్చొని ఇరవై వరుసల బేసిక్ ప్రోగ్రాం కొడితే, సాయంత్రం కరెంటు పోయేది. దాచుకునే దారి ఆ మిషన్‌లో లేదు. తెల్లారి మళ్లీ మొదటి వరుస నుంచి కొట్టేవాణ్ని. అందుకే కోడలు తర్వాత చెప్పిన మాటకు నా గొంతు పట్టుకున్నట్టయింది.

కోడలు: మామా, ఆ మిషన్ల రాసిన ప్రోగ్రాం కరెంటు తోటి పోయేది. ల్యాప్‌టాప్ మీద సిల రాస్తే పోదు. రాసింది 32 కేబీ చిప్‌ల వేసి, కాసెట్‌ల పెట్టి, అదే మిషన్ మీద ఆడించొచ్చు. అప్పుడు పిల్లలు దాన్ని వాడిన్రు గాని, దాని లోపలికి పోలేకపోయిన్రు. ఇప్పుడు పోనిద్దాం. తెలుగు పదాల ఆట చేస్త నేను. ఆ కీబోర్డు మీదనే.

మామ: తెలుగు? తెరకు ఒకసారి దొరికేది 256 గడులు, ఒక్కో గడి 8 చుక్కలకు 8 చుక్కలు. మన అక్షరం ఎనిమిది చుక్కలల్ల పడతదా? నాలుగు గడులు కావాలె. అంటే 64 అక్షరాలు. గుణింతాలు యాడ పెడ్తవు, ఒత్తులు యాడ పెడ్తవు?

కోడలు: అక్షరం మొత్తం ఒక బొమ్మ అనుకుంటే పట్టదు. విడగొడితే పడతది. తలకట్టు, గుడి, ఎత్వం ఒక పై వరస గడులు. అక్షరం ఒళ్లు నడుమ వరస. ఒత్తులు కింది వరస. "క్క"ల కింది ఒత్తు గడే "ర్క"లకూ వస్తది. గుడి ముక్క ఒక్కటే చాలా అక్షరాలకు సర్దుకుంటది. ఏ అక్షరానికి ఏ ముక్కలు అనే పట్టిక సిల రాసుడు ఎంత సులువో చూడున్రి. అసెంబ్లీల ఆ పట్టిక దిద్దుకుంట కూసుంటే నా డిగ్రీ అయిపోతది.

మామ: "మ"కు కొమ్ము పక్కకు పోతది. "ఘో" చూసినవా? గడి దాటుతది.

కోడలు: దాటినయాటికి సొంత గడి ఇస్తం. ఇంకా సాలకపోతే?

మామ: సాలకపోతే బొమ్మల రోమ్ తీసేసి ఆడ 6264 ర్యామ్ చిప్ పెట్టు. ఎనిమిది కేబీ. అప్పుడు తెర మీద ఏ అక్షరం కావాలో ఆ గడి అప్పటికప్పుడు గీసుకోవచ్చు.

(ఈ మాట అని మామ తనే ఆగాడు. వద్దన్న మనిషి దారి చూపించాడు. కోడలు నవ్వలేదు, నోటుబుక్కులో 6264 అని రాసుకుంది.)

మామ: నువ్వు చేయలేవని నేను అంటలేను. చేస్తవు. నా భయం దాని తర్వాత సంగతి. మన ఊరి పేరు మీద ఒక పద్ధతి ఉన్నది, తెలుసునా? నల్లగొండ టెక్నిక్. పటిక, సున్నం నీళ్లల్ల వేసి కలిపి, తేరనిచ్చి ఫ్లోరైడ్ తీసేది. ఎక్కడెక్కడి దేశాల పుస్తకాలల్లనో ఈ పేరున్నది. కంపెనీ మిషన్ అక్కర లేదు, బకెట్ సాలు. కని రోజూ పటిక కొలిచి వేసే మనిషి కావాలె. అడుగు మడ్డి తీసి పారబోసే మనిషి కావాలె. ఆ మనిషి ఒక్కనాడు మానేస్తే ఆనాడు తాగేది ఫ్లోరైడ్ నీళ్లే. కిట్‌ల కొత్త టార్గెట్, అంటే కొత్త మిషన్, పెట్టుడు గట్లనే బిడ్డా. పెట్టేనాడు అందరు చప్పట్లు కొడ్తరు. మూడేండ్లకు కంపైలర్‌ల ఎవరో ఒక వరస మారుస్తరు. మిషన్ వెలగంగనే నడిచే నీ స్టార్టప్ కోడ్ విరుగుతది. మిషన్ ఉన్నోడు లేడు కాబట్టి ఎవ్వరికి తెల్వది. ఒక పిలగాడు డౌన్‌లోడ్ చేస్తడు, నల్ల తెర వస్తది, తనకే రాదనుకొని మానేస్తడు. ఆ పిలగాని పాపం ఎవరిది?

ఆ మాటే నన్ను వదలనిది.

కోడలు: ప్రతి మార్పుకు అన్ని టార్గెట్లు దానంతటదే కంపైల్ అయ్యేటట్టు పెట్టుకోవచ్చు మామా.

మామ: కంపైల్ అయితే కీ పనిచేసినట్టా?

కోడలు: కాదు. నిజమే, కాదు.

మామ: మరి?

కోడలు: టార్గెట్ వద్దు. మీరన్నది నిజం. నింటెండో టార్గెట్ ఉండనే ఉన్నది. స్టార్టప్, మెమరీ మ్యాప్, లింకర్ ఫైలు అదే వాడుకుంట. నేను కలిపేది కీబోర్డు డ్రైవర్ ఒక్కటే, దానికి ఒక హెడర్ ఫైలు. విరగాలన్నా విరిగేది ఆ ఒక్క ముక్కే. మిగతాదంత వేరేవాళ్ల చేతుల మంచిగనే ఉంటది. ఇగ పటిక వేసే మనిషి అన్నరు కద. మిషన్లు మీ అర మీద ఉన్నయి. కొత్త కంపైలర్ వచ్చినప్పుడల్లా చిప్ బర్న్ చేసి, నాలుగిటి మీద పెట్టి, ప్రతి కీ నొక్కి చూస్త. నేను నల్లగొండల లేనప్పుడు?

మామ: నేను నొక్కుత.

కోడలు: మాట?

మామ: నొక్కుత అన్న కద. కని ఎన్‌ఎంఐల మాత్రం సి వరస ఒక్కటి కనపడ్డా నేను చేయి పెట్ట.

కోడలు: ఒక్కటి ఉండది.

స్టూలెక్కి మామ అర మీది మొదటి కీబోర్డు మిషన్ దింపాడు. దుమ్ము బ్రష్‌తో కొట్టాడు. వెనకున్న మరలు విప్పితే లోపల చిప్పు కనపడలేదు, దాన్ని కప్పి బోర్డుకు అతుక్కున్న నల్లటి బొట్టు ఉంది. దాన్ని విప్పడం కుదరదు. అందుకని కోడలు ల్యాప్‌టాప్‌లో నాలుగు వరుసల సి ప్రోగ్రాం రాసింది. వరస ఒక్కొక్కటే జరుపుతూ, 4017లో ఏ బిట్టు పడిందో తెర మీద చూపించడమే దాని పని. మామ పాత 60 పిన్నుల కాసెట్ బోర్డు మీద సాకెట్లు వేసి, ఒకదాంట్లో ప్రోగ్రాం ఉన్న 27256 చిప్పు, ఇంకోదాంట్లో బొమ్మలున్న 2764 చిప్పు కూర్చోబెట్టాడు. అంతసేపట్లో రెండుసార్లు చాయ్ వచ్చింది.

తెర నీలంగా వెలిగింది. జపాన్ కీబోర్డులో మొదటి వరుసలో రిటర్న్, ఎఫ్8 ఉంటాయి. కోడలు రిటర్న్ నొక్కింది. మొదటి వరుసలో ఏమీ పడలేదు.

మామ: అన్నీ నొక్కు. ఒక్కొక్కటి.

ఆమె నొక్కుతూ పోయింది. 4 నొక్కితే మొదటి వరుసలో మొదటి బిట్టు పడింది. తర్వాత జి. తర్వాత ఎఫ్, సి. మామ ఒక పాత బిల్లు వెనక గడులు గీసి ఒక్కొక్కటే నింపుతున్నాడు. నేను లేచి వచ్చే వేళకు మొదటి మిషన్‌లో ఆరో వరుస నడుస్తోంది. మిగతా మూడు మిషన్లు బల్ల మీద ఎదురు చూస్తున్నాయి.